ఎండ, ఉప్పు, 113 కిలోమీటర్లు

(మొన్న శుక్రవారం మన మీటింగ్‌లో ఒక సభ్యుడు మాట్లాడిన మాటలు. డ్యూటీ వల్ల రాలేకపోయిన వాళ్ళ కోసం ఇక్కడ పెడుతున్నాం. వేరే క్యాంపుల్లో ఉన్న మనవాళ్ళకు కూడా పంపండి.)



పోయిన డిసెంబర్‌లో ఇక్కడ బహ్రెయిన్‌లోనే జరిగిన ఐరన్‌మ్యాన్ 70.3 పోటీలో నేను దిగినానని తెలిసినప్పటి నుంచి అందరూ అడిగేది ఒక్కటే, "ఎంత వచ్చింది?" ఏమీ రాలేదు. ఎదురు నేనే ఫీజు కట్టిన. "పైసలిచ్చి ఒళ్ళు హూనం చేసుకునుడేంది?" అని మా రూమ్‌ల పెద్దన్న ఇంకా అడుగుతనే ఉన్నడు.

పోటీ ఏమిటో ముందు చెప్తా. సముద్రంలో 1.9 కిలోమీటర్ల ఈత, బయటికి వచ్చి 90 కిలోమీటర్ల సైకిల్, సైకిల్ దిగి 21.1 కిలోమీటర్ల పరుగు. మధ్యలో విరామం లేదు. బట్టలు, బూట్లు మార్చుకునే టైమ్ కూడా లెక్కలోకే వస్తుంది. అంతా ఎనిమిదిన్నర గంటల్లో అయిపోవాలి. అసలు ఐరన్‌మ్యాన్ దీనికి రెట్టింపు దూరం. 1978లో హవాయిలో 15 మందితో మొదలైంది, అందులో 12 మంది పూర్తి చేసిన్రు.

ఈత నేను మా ఊరి బావిలో నడుముకు బెండు కట్టుకుని నేర్చుకున్న. సముద్రంలో పట్టుకోవడానికి మెట్లు ఉండవు, అంతే తేడా. సైకిల్ ఒక ఫిలిప్పీన్స్ మిత్రుడి దగ్గర సెకండ్ హ్యాండ్‌ది, మూడు నెలల వాయిదాల మీద తీసుకున్న. ఏడాది పాటు డ్యూటీకి ముందు తెల్లవారుజామున ప్రాక్టీసు. ఇదంతా మామూలే. మీకు పనికొచ్చేది వేరే ఉంది.

సైకిల్ మీద ఎదురుగాలిలో ఉన్నప్పుడు నేను పావుగంటకోసారి రెండు మూడు గుక్కలు తాగిన, దాహం వేసినా వేయకున్నా. ఉట్టి నీళ్ళు కాదు, ఉప్పు కలిసినవి. కష్టపడే మనిషికి ఎండలో గంటకు లీటరు, ఇంకా పైనే చెమట పోతుంది. చెమటతో ఉప్పు కూడా పోతుంది. పోయిన ఉప్పు ఇవ్వకుండా ఉట్టి నీళ్ళే మితిమీరి తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వాంతి, మాట తడబాటు, అన్నీ వస్తాయి. ఓఆర్ఎస్ ప్యాకెట్ లేకపోతే లీటరు మంచినీళ్ళలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చిన్న చెంచా, కొలత తప్పొద్దు. లబన్‌లో ఉప్పు వేసుకున్నా మంచిదే, మన మజ్జిగే కదా. బీపీ, షుగర్, కిడ్నీ బాధ ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్‌ను అడిగి తాగండి.

పరుగులో 14వ కిలోమీటరు దగ్గర నా ముందు ఒకాయన పక్కకు తూలిండు. పడలేదు, తూలిండు అంతే. ఇద్దరు వాలంటీర్లు వచ్చి ఆపిన్రు. పేరు, ఏ ఊరు అని అడిగిన్రు. జవాబు సరిగా రాలేదు. వెంటనే నీడకు తీసుకుపోయి, మెడకు, చంకలకు ఐసు పెట్టి, తల మీద నీళ్ళు పోసిన్రు. "నాటకం ఆడుతున్నవా" అని ఎవ్వరూ అనలేదు.

అప్పుడు నాకు పాత కంపెనీ గుర్తొచ్చింది. పేరు అనవసరం. జూలై నెల, సెలవు నుంచి వచ్చి రెండో రోజే ఉన్న మన తమ్ముడొకడు వాంతి చేసుకున్నడు. సూపర్‌వైజర్ పది నిమిషాలు కూర్చోబెట్టి లేపిండు. సాయంత్రానికి అంబులెన్స్. మూడు రోజులు ఐసీయూలో ఉండి బతికి బయటపడ్డడు. పోటీలో తూలిన ఆయనకు, ఈ తమ్ముడికి ఒంట్లో జరిగింది ఒకటే.

ఇంకో మాట. పోటీ డిసెంబర్‌లో పెట్టిన్రు. డాక్టర్లు, ఐసు, పరుగులో రెండు కిలోమీటర్లకో నీళ్ళ టేబుల్, ఇన్ని ఉండి కూడా జూలైలో పెట్టలేదు. మనం జూలైలో హెల్మెట్, కవరాల్ వేసుకుని నిలబడతాం. అందుకే మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా బయటి పని బంద్ అనే రూల్ ఉంది. 2025 నుంచి అది జూన్ 15 మొదలు సెప్టెంబర్ 15 దాకా పెరిగింది. అది ఫోర్‌మన్ దయ కాదు, ఈ దేశం రూల్.

సెలవు నుంచి వచ్చేవాళ్ళు గట్టిగా వినండి. ఒళ్ళు ఎండకు అలవాటు పడడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. అమెరికాలో నియోష్ అనే ప్రభుత్వ సంస్థ చెప్పే లెక్క ఇది: కొత్తవాడికి ఎండలో మొదటి రోజు 20 శాతం పనే, తర్వాత రోజుకు 20 చొప్పున పెంచాలి. పాతవాడు చాలా రోజుల తర్వాత తిరిగొస్తే 50, 60, 80, నాలుగో రోజు 100. ఈ లెక్క కాగితం మీద రాసి మీ సేఫ్టీ ఆఫీసర్‌కు చూపించండి. ఒక్కరే పోకండి, నలుగురు పోండి.

పక్కనోడు మాట తడబడితే, ఒళ్ళు కాలిపోతుంటే ముందు 999కి ఫోన్. అంబులెన్స్ వచ్చేదాకా చల్లబరుస్తనే ఉండాలి: నీడ, నీళ్ళు, గాలి, ఐసు. స్పృహ సరిగా లేనోడికి నోట్లో నీళ్ళు పోయకండి.

నేను 7 గంటల 52 నిమిషాల్లో ముగించిన. ఇంటికి ఫోన్ చేస్తే మా ఆవిడ, "గెలిచినవా?" అన్నది. చివర్ల వచ్చిన అన్న. "మరి మెడల్ ఎందుకిచ్చిన్రు?" అన్నది. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఈసారి ముగ్గురు కలిసి టీమ్‌గా దిగుదామని ఉంది. ఒకరు ఈత, ఒకరు సైకిల్, ఒకరు పరుగు. సైకిల్ నాది ఉంది. ఈతగాడు కావాలె, బావిలో నేర్చినోడైనా ఫర్వాలేదు. ఇష్టమున్నవాళ్ళు గ్రూపులో పేరు పెట్టండి.