నాట్యహస్తం - మరచెయ్యి
(అనకాపల్లిలో జరిగిన మన సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి కాకుండా మరేదైనా మాట్లాడమని కార్యదర్శిగారు ఆదేశించారు. అందుచేత నాట్యం గురించీ, మరమనిషి గురించీ మాట్లాడదలచాను. ఈ రెంటికీ పొత్తేమిటని ముందు వరుసలోని మిత్రులు అప్పుడే నవ్వుతున్నారు. నాలుగేళ్ళ కిందట అయితే నేనూ నవ్వేవాడినే.

నా సంగతి మీలో చాలామంది ఎరుగుదురు. ఉద్యోగమంతా టైపు మిషను ముందే గడిచింది. పది వేళ్ళూ పది దారుల్లో పరుగెత్తేవి. 2023లో పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. మాట తిరిగి వచ్చింది, నడక వచ్చింది, వేళ్ళు మాత్రం రాలేదు. చొక్కా బొత్తాం మా ఆవిడ పెట్టవలసి వచ్చేది. సంతకం కలవలేదని ఒకసారి చెక్కు వెనక్కి వచ్చింది. పెన్షనరుకు సంతకం పోతే ఏమి పోయినట్లో మీకు విడమర్చి చెప్పనక్కరలేదు.

రబ్బరు బంతి నొక్కమన్నారు, నొక్కాను. కొన్నాళ్ళకు పిడికిలి బిగిసింది. కాని విప్పడం కష్టం. ఒక వేలు కదపబోతే అన్నీ కలిసి కదిలేవి. ఆ రోజుల్లో మా మనవరాలు కూచిపూడి నేర్చుకుంటూ ఇంట్లో హస్తాలు సాధన చేసేది. నందికేశ్వరుని అభినయ దర్పణంలో ఒంటిచేతి ముద్రలు, అనగా అసంయుత హస్తాలు, 28 ఉన్నాయి. "బంతి ఎన్నాళ్ళు నొక్కుతావు తాతా, ఇది పట్టు" అని నా ఎదురుగా కూర్చుంది. ముష్టి వచ్చింది, అది పిడికిలే. బొటనవేలు పైకెత్తితే శిఖరం, అదీ వచ్చింది. అయిదు వేళ్ళ కొసలూ కలిపితే ముకుళం. మనం అన్నం ముద్ద ఎత్తే పట్టు ఇంచుమించు అదే. త్రిపతాక దగ్గర మాత్రం ఓడిపోయాను. నాలుగు వేళ్ళూ చాచి, వాటిలో ఉంగరపు వేలు ఒక్కదానినే వంచాలి. నమ్మకం లేకపోతే ఇప్పుడే మీరూ ప్రయత్నించండి. ఆరోగ్యమైన చేతిలోనూ చిటికెనవేలు దాని వెనకే వచ్చేస్తుంది.

ఇది ఇంటి ముచ్చట అనుకున్నాను. 2025లో ఒక పరిశోధన వార్త చదివి ఆశ్చర్యపోయాను. వరంగల్లు కాకతీయ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు చదివి అమెరికా వెళ్ళిన వింజమూరి రమణ గారు, బాల్టిమోర్ కౌంటీలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులు. రోబోట్ చేతికి కదలికలు నేర్పడానికి వారి బృందం భరతనాట్య ముద్రలను ఆశ్రయించింది. ఆ ఫలితాలు 'సైంటిఫిక్ రిపోర్ట్స్' అనే పత్రికలో అచ్చయ్యాయి. నాట్యకళాకారులు వయసు మీరినా చురుకుగా, ఒళ్ళు వంగేలా ఉండడమే తమకు ప్రేరణ అని ఆయన చెప్పారు.

విషయం సులువుగా చెప్పే ప్రయత్నం చేస్తాను. మన చేతిలో ఇరవై ఏడు ఎముకలున్నాయి. కీళ్ళు కదిలే తీరులు ఇరవైకి పైమాటే. ఒక్కొక్క కీలుకూ విడిగా ఆజ్ఞ ఇవ్వాలంటే బెల్లం ముక్క చిదుముకునేలోగా తెల్లవారుతుంది. మెదడు అలా చేయదు. కొన్ని కీళ్ళను జట్టుగా కదుపుతుంది. చిన్నతనంలో మనం రాత్రంతా మేలుకుని చూసిన తోలుబొమ్మలాట గుర్తు తెచ్చుకోండి. ఆటగాడు ప్రతి కీలుకూ కర్ర కట్టడు. చేతి కొసన ఉన్న పుల్ల కదిపితే మోచెయ్యీ, భుజమూ వెంట వస్తాయి. అక్షరాలు కొన్నే అయినా మాటలు వేలకొద్దీ పుట్టినట్లు, ఇట్టి మూల కదలికలు కొన్ని దొరికితే వాటిని కలిపి ఎన్ని భంగిమలైనా చేయించవచ్చును.

వారు ముందుగా నీళ్ళ సీసా మొదలు చిన్న పూస వరకు వస్తువులను పట్టుకునే 30 పట్లను పరిశీలించారు. ఆరు మూల కదలికలతో వాటిలోని భేదాలు సుమారు 99 శాతం వివరించగలిగారు. తరువాత ఒంటిచేతి ముద్రలు 30 తీసుకున్నారు. అక్కడా ఆరే, అయితే సుమారు 94 శాతం. మన లెక్కల మాష్టార్లు వెంటనే మొదటిదే మేలంటారు. నేనూ అలాగే అనుకున్నాను. కాని అసలు పరీక్ష తరువాత ఉంది. రెండింటికీ సంబంధం లేని, బధిరులు వాడే అమెరికన్ సంజ్ఞా భాషలోని 15 అక్షరాలను ఈ రెండు వర్ణమాలలతోనూ కూర్చి చూశారు. ముద్రల నుంచి వచ్చినదే బాగా నెగ్గింది. కారణం నాకు తోచినది చెబుతాను. వస్తువు పట్టుకోవడమంటే ఎంతైనా వేళ్ళు ముడవడమే. ముద్రలో ఒక్కొక్క వేలూ తన పని తాను చేయాలి. బంతి నాకు పిడికిలి ఇచ్చి ఆగిపోవడంలో కిటుకు ఇదేనేమో!

2020 డిసెంబరులో బోస్టన్ డైనమిక్స్ సంస్థవారి మరమనుషులు పాటకు నృత్యం చేసిన వీడియో మీ పిల్లలు ఫోనులో చూపించే ఉంటారు. చూడముచ్చటగానే ఉంది. కాని నాకు అది కసరత్తు. పతాక హస్తం ఒకచోట మేఘం, ఒకచోట నది, ఒకచోట వద్దని వారించడం. ఆ భేదమంతా చూపులో, ముఖంలో ఉంది. ఆరు కదలికల లెక్కలో ముద్ర ఆకారం దొరికింది గాని మేఘం దొరకలేదు. ఈ మాట పరిశోధకులను తక్కువ చేయడానికి కాదు, వారు వెదికింది ఆకారాన్నే.

వారి ఆశయం మరొకటి ఉంది. అది మనకు దగ్గరిది. ఖరీదైన పరికరాలు లేకుండా, మామూలు కెమెరా ముందు చెయ్యి కదిపితే, ఆ కదలికను గుర్తించి సరిచూసి, ఇంటి దగ్గరే వ్యాయామం చేయించే సాధనం తయారు చేయాలని. లైఫ్ సర్టిఫికెట్టుకు వేలిముద్ర పడక ఇబ్బంది పడిన వారికి 2021 నుంచి ముఖం చూపితే చాలునన్నారు గదా, ఆ కెమెరాయే రేపు మన వేళ్ళనూ చూడవచ్చును. ముద్రలు పడితే పక్షవాతం పోతుందని మాత్రం ఎవరూ ఇంటికి వెళ్ళి చెప్పవద్దు. అలాగని ఆ పరిశోధనలో లేదు, నేనూ అనడం లేదు. మందులు, డాక్టరు చెప్పిన వ్యాయామం మానకండి.

నా మట్టుకు నేను బొత్తాం పెట్టుకుంటున్నాను. సంతకం కొత్త నమూనా ఇచ్చాను, పాతదానిలా లేదు గాని ప్రతిసారీ ఒకేలా వస్తోంది. మనవరాలు ఈ సభకు వచ్చి వెనుక వరుసలో కూర్చుంది. త్రిపతాక పట్టి చూపించమని అక్కడి నుంచి సైగ చేస్తోంది. ఇదిగో, చూడండి. ఉంగరపు వేలు వంగింది. చిటికెనవేలు ఇంకా మాట వినడం లేదు.