అల్లం వేరు, శొంఠి వేరు: రీల్స్ చెప్పని లెక్క

ఈ ఎపిసోడ్ మా సఖినేటిపల్లి నుంచే. వెనక మోత వినిపిస్తోంది కదా, అది వశిష్ఠ గోదావరి రేవులో పంటు ఇంజిను సౌండు. అవతలి ఒడ్డు నరసాపురం. ఎడిటింగ్‌లో తీసెయ్యొచ్చు గానీ, ఉండనిద్దాం.

ఇవాళ టాపిక్ అల్లం. "అల్లం గురించి ఏముంటుంది బ్రో, టీలో వేసుకుంటాం" అనుకోకండి. నా ఫోన్‌లో రోజుకో రీల్ వస్తోంది. పరగడుపున అల్లం రసం తాగితే షుగరు మాయం, కొవ్వు మాయం, గుండెలో బ్లాకులు మాయం. మా చుట్టాల్లో ఒక పెద్దాయన, పేరు చెప్పను, అలాంటి రీల్ ఒకటి చూసి షుగరు మాత్రలు ఆపేశారు. రెండు నెలలు రోజూ పొద్దున్నే అల్లం నీళ్ళు. ఆయనకి ఏ తేడా తెలీలేదు, ఎందుకంటే షుగరు పెరిగితే నొప్పి పుట్టదు కదా. తర్వాత కాలికి చిన్న గాయం అయింది, అది మానలేదు. చివరికి వేలు ఒకటి తీసెయ్యాల్సి వచ్చింది. రీల్ పెట్టినాయనకి ఈ సంగతి తెలీదు, ఎప్పటికీ తెలీదు కూడా. ఆయనకి ఎన్ని లైకులు వచ్చాయో మాత్రం తెలుసు.

అలాగని అల్లం పనికిరాదని నేను చెప్పను. అది ఇంకో రకం అబద్ధం అవుతుంది. అల్లం కొన్ని పనులు నిజంగా చేస్తుంది. ఏది చేస్తుంది, ఎంత తీసుకుంటే చేస్తుంది, ఏది చెయ్యదు అన్నదే ఇవాళ్టి లెక్క. నేను బీటెక్ కదండీ, లెక్క లేకపోతే నాకు నిద్ర పట్టదు.

ముందు ఒక సంగతి. మనం అల్లం, శొంఠి ఒకటే అనుకుంటాం. ఎండితే శొంఠి, అంతే కదా అని. మా మామ్మ మాత్రం రెండిటినీ ఎప్పుడూ కలిపేది కాదు. పెసరట్టులోకి అల్లం. బాలింతకి మొదటి ముద్దలో నెయ్యి, శొంఠి పొడి. ఆయుర్వేదంలో కూడా రెండిటికీ వేరు వేరు పేర్లున్నాయి: పచ్చిది ఆర్ద్రకం, ఎండినది శుంఠి. ఆర్ద్రం అంటే తడి. కెమిస్ట్రీ కూడా ఇదే మాట అంటోంది. పచ్చి అల్లంలో ఘాటుకి ప్రధాన కారణం జింజెరాల్ అనే పదార్థం. అల్లాన్ని ఎండబెడితే అందులో కొంత నీటి అణువుని పోగొట్టుకుని షోగాల్‌గా మారుతుంది. జపాన్ భాషలో అల్లాన్ని షోగా అంటారు, ఆ పేరు అక్కణ్ణుంచి వచ్చింది. షోగాల్ ఘాటు జింజెరాల్ కంటే ఎక్కువ. చిటికెడు శొంఠి కాఫీలో వేస్తే గొంతు ఎందుకు మండుతుందో ఇప్పుడు అర్థమైంది కదా. ఇక అల్లాన్ని వేయిస్తే, ఉడికిస్తే మూడోది వస్తుంది, జింజెరోన్. అది మెత్తన, కొంచెం తీపి వాసన. అందుకే పచ్చి అల్లం తిన్నప్పుడు ముక్కులోంచి నీళ్ళొస్తాయి గానీ, అల్లం పచ్చడిలో అదే అల్లం బుద్ధిగా ఉంటుంది. బెల్లం, చింతపండు సాయం కూడా ఉందనుకోండి, ఆయ్!

సరే, మందు సంగతికి వద్దాం. అల్లానికి బాగా గట్టి సాక్ష్యం ఉన్నది ఒక్క చోట: వికారం, వాంతులు. ఆర్టీసీ బస్సుల్లో అల్లం మురబ్బా అమ్మేవాళ్ళు గుర్తున్నారా? హైదరాబాదులో ఉద్యోగం చేసేటప్పుడు రాజోలు బస్సులో రాత్రంతా ప్రయాణం చేసి, తెల్లారేసరికి కడుపులో తిప్పుతుంటే నాకు అదే దిక్కు. అది ఊరికే నమ్మకం కాదు. 1988లో డెన్మార్క్‌లో ఒక పరిశోధన ప్రచురించారు. సముద్రం అలవాటు లేని 80 మంది నేవీ కేడెట్లని ఎగిసిపడే అలల్లో ఓడ ఎక్కించారు. కొందరికి 1 గ్రాము శొంఠి పొడి, మిగతావాళ్ళకి ఉత్తుత్తి మందు. శొంఠి తీసుకున్నవాళ్ళకి వాంతులు, చల్లటి చెమటలు స్పష్టంగా తగ్గాయి. వికారం, కళ్ళు తిరగడం కూడా కొంచెం తగ్గినట్టు అనిపించింది గానీ, గట్టిగా చెప్పేంత తేడా రాలేదు. నాకు ఈ పరిశోధన ఎందుకు నచ్చిందంటే, పని చేసినదీ చెప్పారు, అంతగా చెయ్యనిదీ చెప్పారు. మన అంతర్వేది పల్లిపాలెం నుంచి వేటకెళ్ళేవాళ్ళకి సముద్రం ఎలాగూ అలవాటే, వాళ్ళకి ఈ గొడవ లేదు. మొదటిసారి పడవ ఎక్కే మన సిటీ ఫ్రెండ్స్‌కి పనికొస్తుంది.

రెండోది, గర్భిణులకి మొదటి నెలల్లో వచ్చే వేవిళ్ళు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఇచ్చిన గర్భిణుల సంరక్షణ సూచనల్లో, వికారం తగ్గడానికి వాడదగ్గవాటిలో అల్లం పేరు ఉంది. పరిశోధనల్లో ఎక్కువగా వాడింది రోజుకి 1 గ్రాము శొంఠి దగ్గర. అయినా డాక్టరమ్మని అడిగే మొదలుపెట్టండి.

ఇక్కడే లెక్క. 1 గ్రాము శొంఠి అంటే చిన్న చెంచాలో సుమారు సగం. కిలో పచ్చి అల్లం ఎండబెడితే దాదాపు 200 గ్రాముల శొంఠి వస్తుంది. అంటే 1 గ్రాము శొంఠికి 5 గ్రాముల పచ్చి అల్లం, చూపుడు వేలి చివరి కణుపంత ముక్క. మరి రీల్‌లో ఆయన గ్లాసు రసం తాగమంటున్నాడు! అంత రసానికి ఎంత అల్లం కావాలో మీరే చూసుకోండి. గుండెమంట ఉన్నవాళ్ళకి అది ఇంకా పెరుగుతుంది. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ లాంటి మాత్రలు వాడేవాళ్ళు, ఆపరేషన్ దగ్గర పడ్డవాళ్ళు డాక్టర్‌కి చెప్పకుండా శొంఠి చూర్ణాలు, అల్లం క్యాప్సూల్స్ మొదలుపెట్టకండి. కూరలో వేసుకునే అల్లం గురించి కాదు నేను చెప్పేది.

షుగరు సంగతి? కొన్ని చిన్న పరిశోధనల్లో కొంచెం తగ్గినట్టు కనిపించింది, కొన్నిటిలో లేదు. వాటిలో చాలావాటిలో మనుషులు తమ మాత్రలు వాడుతూనే అల్లం కూడా తీసుకున్నారు. "మాత్రలతో పాటు" అన్నది రీల్‌లో "మాత్రలకి బదులు" అయిపోయింది. ఒక్క మాట మారింది, ఒక వేలు పోయింది.

ఇలా మాట జారిపోవడం కొత్త కాదు. 2020 మార్చి నెలాఖరులో ఆయుష్ మంత్రిత్వ శాఖ కరోనా టైమ్‌లో ఒక కషాయం చెప్పింది. తులసి, దాల్చిన చెక్క, మిరియాలు, శొంఠి, ఎండుద్రాక్ష. ఆ ప్రకటనలోనే ఇది కోవిడ్‌కి చికిత్స అని మేం చెప్పడం లేదు అని స్పష్టంగా ఉంది. మన ఫోన్లకి వచ్చేసరికి కషాయం మిగిలింది, ఆ వాక్యం ఎగిరిపోయింది. శొంఠి లేని కషాయం లేదని మనకి సామెత ఉంది, నిజమే. శొంఠికి సంస్కృతంలో విశ్వభేషజం అని ఇంకో పేరు కూడా ఉంది, అంటే అన్నిటికీ మందు. రీల్స్ వాళ్ళు పట్టుకునేది ఆ పేరునే. కానీ త్రికటు చూడండి: శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు. బాలింతకి పెట్టే కాయం చూడండి. మన పెద్దవాళ్ళు శొంఠిని ఎక్కువగా నలుగురితో కలిపి, కొలిచి వాడారు. గ్లాసులతో తాగలేదు.

వంటింటి సంగతి ఒక్కటి చెప్తాను, ఇది మాత్రం ట్రై చెయ్యండి. అల్లం టీ పెడితే పాలు విరుగుతున్నాయా? పాలు పాడవలేదు. పచ్చి అల్లంలో ప్రోటీన్‌ని ముక్కలు చేసే ఎంజైమ్ ఉంటుంది, జింజిబెయిన్ అంటారు. పాలు గోరువెచ్చగా ఉన్నప్పుడు అల్లం వేస్తే అది పాలని విరిచేస్తుంది. అల్లాన్ని ముందు నీళ్ళలో బాగా మరిగించండి, ఆ వేడికి ఎంజైమ్ చచ్చిపోతుంది, తర్వాత పాలు పొయ్యండి. మాంసానికి అల్లం వెల్లుల్లి ముద్ద పట్టిస్తే ముక్క మెత్తబడటంలో కూడా దీని చెయ్యి ఉంది. ఆ ముద్ద కూడా వీలైతే ఇంట్లోనే నూరుకోండి. కల్తీ ముద్ద పట్టుకున్నారని వార్తలు వస్తూనే ఉన్నాయి.

మనకి అల్లం ఎక్కణ్ణుంచి వస్తుంది? తెలంగాణలో జహీరాబాద్ వైపు, మన దగ్గర పాడేరు ఏజెన్సీలో పండిస్తారు. కోనసీమ అంటే కొబ్బరి, అరటి, కంద. కానీ అల్లానికి కొంచెం నీడ ఇష్టం, అందుకే ముదురు కొబ్బరి తోటల్లో అంతరపంటగా దాన్ని వేసుకోవచ్చు. 25 ఏళ్ళు దాటిన తోటలో చెట్లు పైకి వెళ్ళిపోతాయి, కింద తగినంత వెలుతురు పడుతుంది. మన దగ్గర చిక్కు ఎక్కడంటే బరువు నేల, వానాకాలం నిలిచే నీళ్ళు. అల్లానికి నీళ్ళు నిలిస్తే దుంపకుళ్ళు పట్టుకుంటుంది, మడి మొత్తం పోతుంది. ఎత్తు మడులు చేసి, మధ్యలో నీరు పోయే కాలవలు తియ్యాల్సిందే. పొలంలో పెద్దగా వేద్దామనుకునేవాళ్ళు ముందు అంబాజీపేట ఉద్యాన పరిశోధనా స్థానంలో అడగండి. 2023లో అల్లం రేటు చూసి ఆశపడకండి, ఈ పంట ధర ఎక్కినంత వేగంగానే దిగుతుంది.

పొలం లేకపోతే సిమెంటు బస్తా చాలు. కింద చిల్లులు పెట్టండి, మట్టిలో ఇసక, పశువుల ఎరువు కలపండి. అల్లానికి విత్తనాలు ఉండవు, దుంపే విత్తనం. ఒకటి రెండు కళ్ళున్న 25, 30 గ్రాముల ముక్కని ఏప్రిల్, మే నెలల్లో, కన్ను పైకి ఉండేలా రెండు అంగుళాల లోతులో పెట్టండి. ముక్క మీద బూజు గానీ మెత్తదనం గానీ ఉంటే అది వద్దు. పచ్చి అల్లం కావాలంటే ఆరో నెల నుంచి తవ్వుకోవచ్చు. శొంఠి చేసుకోవాలంటే ఎనిమిది నెలలు ఆగి, ఆకులు పసుపెక్కి ఎండాక తవ్వండి.

మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరైనా ఏదైనా రీల్ చూసి మాత్రలు ఆపారేమో ఇవాళ రాత్రి అన్నం తినేటప్పుడు ఒకసారి అడగండి. తిట్టకండి, ఊరికే అడగండి. వచ్చే ఎపిసోడ్ పసుపు మీద. ఉంటానండి.