ఒక ఊరి పాఠం మరో ఊరికి
(విశ్వేశ్వరయ్య స్మారకోపన్యాసం)



మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి పేరెత్తితే మన దగ్గర మొదట వచ్చేది మూసీ వరద, ఆ వెంటనే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్. నేను ఇంకొంచెం వెనక్కి వెళ్తాను. 1890లలో బొంబాయి ప్రభుత్వం ఆయన్ని సింధు ప్రాంతంలోని సుక్కూరు పట్టణానికి పంపింది. ఊరికి సింధు నది నీళ్ళివ్వాలి. నదిలో పారేది బురద నీరు. ఫిల్టర్ బెడ్లు కట్టే స్తోమత పురపాలక సంఘానికి లేదు. ఆయన ఒడ్డుకు దగ్గరగా నదిగర్భంలోనే బావి దింపించారు. ఇసుకలోంచి ఊరి వచ్చిన తేటనీటిని తోడించి ఊరికి పంపారు. నది అడుగున ఉన్న ఇసుకే ఫిల్టరు పని చేసింది.

ఉపాయం గొప్పదే, కానీ నన్ను పట్టుకున్న ప్రశ్న వేరు. అదే కాలంలో అదే బురదతో తంటాలు పడుతున్న మరో ఊరి ఇంజనీరుకు ఈ సంగతి ఎలా తెలియాలి? అప్పటికి మన దేశంలో నీటిసరఫరా వాళ్ళకంటూ సంఘం లేదు, పత్రిక లేదు. బదిలీ ఆర్డరు వస్తే మనిషి వెళ్తాడు, అతనితో పాటు ఆ ఊరి నీళ్ళ గురించి అతనికి తెలిసిందంతా వెళ్ళిపోతుంది. మీలో చాలామంది మూడేళ్ళకోసారి పెట్టె సర్దుకున్నవాళ్ళే. ఈ మాట మీకు విడమరిచి చెప్పనక్కర్లేదు.

వృత్తి సంఘం పుట్టేది ఈ కొరత తీర్చడానికే. దానికి నేను ఎంచుకున్న ఉదాహరణ అమెరికన్ వాటర్ వర్క్స్ అసోసియేషన్. పరాయి దేశపు సంఘం ఎందుకంటారా? నూట నలభై ఏళ్ళు దాటిన దాని చరిత్రలో చేసిన మేలుతో పాటు పడిన పొరపాట్లు కూడా అచ్చులో దొరుకుతాయి కనుక.

1881 మార్చి 29న సెయింట్ లూయిస్ నగరంలో, వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలోని ఇంజనీర్ల హాలులో, ఆరు రాష్ట్రాల నుంచి వచ్చిన 22 మంది కూర్చుని ఈ సంఘం పెట్టుకున్నారు. వాళ్ళు రాసుకున్న ఉద్దేశాలు కొన్నే. నీటి పనుల నిర్వహణలో తెలిసింది ఒకరికొకరు చెప్పుకోవడం, నీళ్ళు వాడుకునేవారికీ నీళ్ళిచ్చే కంపెనీలకూ ఉభయులకూ మేలు చూడటం, పనిలో పొదుపు, ఏకరూపత సాధించడం.

ఏకరూపత అంటే ఏదో గుమాస్తా వ్యవహారంలా వినిపిస్తుంది. 1904 ఫిబ్రవరిలో బాల్టిమోర్ తగలబడినప్పుడు దాని విలువ తెలిసింది. వాషింగ్టన్, ఫిలడెల్ఫియా నగరాల నుంచి అగ్నిమాపక దళాలు రైళ్ళెక్కి వచ్చాయి. మనుషులున్నారు, యంత్రాలున్నాయి, హైడ్రంట్లలో నీళ్ళున్నాయి. వచ్చినవాళ్ళ గొట్టాల మరలు మాత్రం బాల్టిమోర్ హైడ్రంట్ల మరలకు పట్టలేదు. ఒక్కో ఊరు ఒక్కో కొలతతో చేయించుకుంది మరి. మంట 30 గంటలు సాగింది, 1500కు పైగా భవనాలు పోయాయి. అటు తర్వాత 1908లో ఈ సంఘం తన మొదటి ప్రమాణాన్ని పోత ఇనుప గొట్టాలకు రాసింది. మన బస్తీల్లో రోడ్డు తవ్వితే ఒక పక్క నిజాం కాలపు పోత ఇనుము, దాని పక్కన ఆస్బెస్టాస్ సిమెంటు పైపు, పైన పీవీసీ, కొత్తగా డక్టైల్ ఇనుము కనిపిస్తాయి. వీటన్నిటినీ కలిపి నిలబెట్టేది ఫిట్టరు చేతి చాకచక్యం, పాత సైకిలు ట్యూబు ముక్కాను. ప్రమాణాల పుస్తకం ఎందుకని అడిగేవారిని ఆ గోతి దగ్గరికి తీసుకెళ్ళాలి.

ఇక అసలు కథకొస్తాను. న్యూజెర్సీ రాష్ట్రంలోని జెర్సీ సిటీకి ఒక ప్రైవేటు కంపెనీ నీళ్ళిచ్చేది. శుద్ధమైన నీరు ఇస్తామన్న ఒప్పందం తప్పారని నగరం కోర్టుకెక్కింది. మురుగు కలవకుండా కట్టుదిట్టం చేయండి, లేదా మరో మార్గం చూడండి అని కోర్టు చెప్పింది. కంపెనీ సలహాదారు జాన్ లీల్ అనే వైద్యుడు ఆ మరో మార్గం చూశాడు. ఇంజనీరు జార్జ్ ఫుల్లర్ చేత యంత్రాంగం గీయించి, బూంటన్ జలాశయం దగ్గర నీళ్ళలో బ్లీచింగ్ పౌడర్ ద్రావణం కలపడం మొదలుపెట్టాడు. తాగేవాళ్ళను అడగలేదు. మోతాదు పది లక్షల పాళ్ళకు ఇంచుమించు 0.2 పాళ్ళు. ఆ రోజు 1908 సెప్టెంబరు 26. సరిగ్గా రెండు రోజులకు, 28న, ఇక్కడ మూసీ పొంగి హైదరాబాదును ముంచింది. ఆ రెండు రోజుల తేదీలూ మన నీళ్ళ చరిత్రలో పక్కపక్కన రాసుకోవలసినవి. వరద మనకు జలాశయాలు తెచ్చింది, బూంటన్ ప్రయోగం ఆ జలాశయాల నీటికి క్లోరిన్ తెచ్చింది.

నీళ్ళలో రసాయనం కలపడమంటే అప్పటి జనానికి ఒళ్ళు మండేది. కోర్టులో లీల్‌ను నిలదీశారు, ఈ నీళ్ళు నువ్వు తాగుతావా, నీ భార్యాపిల్లలకు ఇస్తావా అని. నిస్సంకోచంగా ఇస్తానన్నాడు. చివరికి కోర్టూ ఒప్పుకుంది. నాకు కోర్టు తీర్పు కంటే ముఖ్యంగా తోచేది 1909 జూన్. ఆ నెలలో మిల్వాకీ నగరంలో జరిగిన సంఘం మహాసభలో లీల్ తన యంత్రాంగం గురించి పత్రం చదివాడు. తీర్పు జెర్సీ సిటీకే వర్తిస్తుంది. ఆ పత్రం మాత్రం హాలులో ఉన్న ప్రతి ఊరి ఇంజనీరు సంచిలోకి చేరింది. కొద్ది ఏళ్ళలోనే ఆ పద్ధతి దేశమంతా పాకింది.

పాకిందే గాని ఎంత వేయాలో సరిగా తెలియదు. తక్కువైతే రోగం, ఎక్కువైతే వాసన, ఫిర్యాదులు. 1919లో బాల్టిమోర్‌లో ఏబెల్ వోల్మన్, లిన్ ఎన్‌స్లో ఇద్దరూ ఏ నీటికి ఎంత క్లోరిన్ అవసరమో తేల్చే పద్ధతి చూపారు. ఆ వోల్మనే 1921 నుంచి పదహారేళ్ళు సంఘం పత్రికకు సంపాదకుడు. 1914లో మొదలైన ఆ పత్రిక నిలబడటానికి, నా లెక్కలో, అతని బోటి పనిచేసే ఇంజనీరు చేతిలో ఉండటమే కారణం.

నీటి పరీక్షలకు ప్రామాణిక పద్ధతుల పుస్తకం 1905లో అమెరికా ప్రజారోగ్య సంఘం తెచ్చింది. 1925 నుంచి వాటర్ వర్క్స్ అసోసియేషన్ కూడా దానికి భాగస్వామి అయింది. క్లోరిన్ పరీక్షకు వాడే ఆర్థోటోలిడీన్ అనే రసాయనాన్ని ఆ పుస్తకం 1970లలోనే పక్కన పెట్టేసింది, విషపూరితమని. మన పల్లెల్లో పసుపు రంగు చూసి క్లోరిన్ ఉందో లేదో చెప్పే చిన్న పెట్టెలు ఇంకా ఉన్నాయి. వాటిలో పోసేది ఆ ఆర్థోటోలిడీనే. పాఠం బయలుదేరి అర్ధ శతాబ్దం అయినా మన చివరి గ్రామానికి చేరలేదన్నమాట.

1974లో రాటర్‌డామ్ నీటి సంస్థ రసాయనికుడు యోహానెస్ రోక్ ఒక సంగతి బయటపెట్టాడు. నీటిలోని ఆకులలముల కుళ్ళుతో క్లోరిన్ కలిస్తే క్లోరోఫారం లాంటి పదార్థాలు పుడతాయని. అదే ఏడు డిసెంబరులో అమెరికా పరిశోధకులు కూడా అదే విషయాన్ని ప్రకటించారు. ఎక్కడ? ఈ సంఘం పత్రికలోనే. ఏ క్లోరిన్‌ను అరవై అయిదేళ్ళుగా నెత్తిన పెట్టుకున్నారో, దాని తప్పును తామే అచ్చు వేశారు. అంతటితో వాళ్ళంతా ఋషులని కాదు. ఆ పదార్థాలను తగ్గించేందుకు యాక్టివేటెడ్ కార్బన్ ఫిల్టర్లు తప్పనిసరి చేస్తామని ప్రభుత్వం ప్రతిపాదిస్తే, ఖర్చు భరించలేమని నీటి సంస్థలు గట్టిగా అడ్డుపడ్డాయి. ఆ నిబంధన వెనక్కి పోయింది. ఉభయులకూ మేలు అని రాసుకున్న సంఘంలో ఒక పక్షం గొంతు పెద్దదవడం ఎప్పుడూ ఉండే ప్రమాదమే.

లీల్ పత్రం చదివిన మిల్వాకీకే 1993లో క్లోరిన్ అక్కరకు రాలేదు. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి క్లోరిన్‌కు చావదు, ఫిల్టరులోనే ఆపాలి. ఆ వసంతంలో రెండు ప్లాంట్లలో ఒకదాని నీటిలో మడ్డి పెరిగింది. అప్పటి నియమాల ప్రకారం నీళ్ళు పాసే. నాలుగు లక్షల మందికి పైగా జబ్బుపడ్డారు. రెండేళ్ళకు, 1995లో, సంఘమూ ప్రభుత్వమూ కలిసి ఒక స్వచ్ఛంద ఏర్పాటు చేశాయి. చట్టం అడిగిన దానికంటే ఎంతో కఠినంగా, 0.1 ఎన్‌టీయూ మడ్డిని లక్ష్యంగా పెట్టుకుని, ప్రతి ఊరూ తన ప్లాంటును తానే పరీక్షించుకోవాలి, ఆ నివేదికను వేరే ఊళ్ళవాళ్ళు పరిశీలించాలి. ఇనస్పెక్షన్ అంటే రిజిస్టర్లు దిద్దుకునే మన అలవాటుకు ఇది కొత్త. తోటి పనివాడి ముందు దిద్దుబాట్లు సాగవు, అతనికి అన్నీ తెలుసు.

ఇక మన సంగతి. 1931లో అమెరికాలో చర్చిల్ అనే రసాయనికుడు పళ్ళ గోధుమ మచ్చలకు నీటిలోని ఫ్లోరైడే కారణమని తేల్చాడు. ఆరేళ్ళకే, 1937లో, మద్రాసు రాజధానిలో షార్ట్ అనే డాక్టరు, ఆయన సహచరులు పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల నడుములు వంగిన మనుషులను చూసి అది ఫ్లోరైడ్ జబ్బేనని గుర్తించి వైద్య పత్రికలో రాశారు. విమానాల రాకపోకలు సరిగా లేని రోజుల్లో పాఠం ఆరేళ్ళలో ఆ పల్లెలకు వచ్చింది. ఆ తర్వాత నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) శాస్త్రవేత్తలు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తీసే విధానం కనిపెట్టారు, దానికి నల్లగొండ పేరే పెట్టారు. ప్రపంచమంతటా పాఠ్యపుస్తకాల్లో ఆ పేరు ఉంది. ఆ పద్ధతి మన పల్లెల్లో ఎందుకు నిలవలేదు, పటిక మోతాదు ఎవరు తప్పారు, మడ్డి ఎక్కడ పోశారు అని రాసిన కాగితాలు మాత్రం వెతికితే గాని దొరకవు.

1968లో ముంబయి కేంద్రంగా ఇండియన్ వాటర్ వర్క్స్ అసోసియేషన్ ఏర్పడింది. మహాసభలున్నాయి, పత్రిక ఉంది, మన నగరాల్లో సభ్యులున్నారు. ఇప్పుడనబోయే మాట ఏ ఒక్క సంఘం గురించీ కాదు, మనందరి సభల గురించి. మన సభల్లో వినిపించేవి కట్టిన ప్రాజెక్టులు. 2009 మేలో హైదరాబాదు భోలక్‌పూర్‌లో, 2018 మార్చిలో గుంటూరులో కలుషిత నీళ్ళు తాగి ప్రాణాలు పోయాయి. రోజులో గంటో రెండు గంటలో నీళ్ళొదిలే ఊళ్ళో మిగతా వేళ గొట్టం ఖాళీ. పక్కన మురుగు కాలువ నిండుగా. పగులు ఉంటే మురుగు లోపలికి వస్తుంది, మళ్ళీ నీళ్ళొదిలినప్పుడు మొదటి బిందెలోకి అదే పడుతుంది. ఈ సూత్రం మనలో తెలియనివాడు లేడు. ఏ వీధిలో, ఏ కీలు దగ్గర, ఎన్నాళ్ళుగా కారుతున్నదో ఫలానా రోజున ఎవరు చెప్పారో మాత్రం విచారణ నివేదికల అరల్లో ఉంటుంది. సస్పెన్షన్ ఆర్డర్లు వస్తాయి. మరో ఊరి అసిస్టెంట్ ఇంజనీరుకు నేర్చుకోవడానికి ఏమీ రాదు.

ఇంకో లోటు. ఆ కీలు కారుతున్నదని ముందు తెలిసేది వాల్వ్ ఆపరేటరుకు. అమెరికా సంఘం 1975లో ఆప్‌ఫ్లో అని ప్లాంటు ఆపరేటర్ల కోసమే వేరే పత్రిక పెట్టింది. మన దగ్గర కాంట్రాక్టు మీద పనిచేసే వాల్వ్ ఆపరేటరు మహాసభకు వస్తే గేటు దగ్గరే ఆపుతారు. అతను చదవగల తెలుగులో మనం వేసింది బిల్లు కట్టమని హెచ్చరించే కరపత్రం.

కాబట్టి నా ప్రతిపాదన చిన్నది. ప్రతి మహాసభలో ఒక పూటను, ఇలా ప్రాణాలు పోగొట్టుకున్న ఊళ్ళకు ఇవ్వండి. తెలుగులో ఒక పేజీ ఫారం చాలు. ఊరి పేరు ఇష్టమైతేనే రాయవచ్చు. తేదీ, గొట్టం రకం, వేసిన ఏడు, నీళ్ళొదిలే వేళలు, ఆ రోజు కుళాయి చివర మిగిలిన క్లోరిన్ ఎంత, మొదట గమనించినది ఎవరు, వాళ్ళు చెప్పిన తర్వాత ఎన్ని రోజులకు గొయ్యి తవ్వారు. సంతకం చేయాల్సిన చోట ఇంజనీరు పక్కన వాల్వ్ ఆపరేటరుకూ ఒక గీత ఉండాలి. ఈ ఉపన్యాసం ఏర్పాటు చేసిన ధర్మనిధి వడ్డీ ఆ ఫారాల అచ్చు ఖర్చుకు సరిపోతుందనే అనుకుంటున్నాను. నిర్వాహకులు లెక్క చూసి చెప్పాలి.