స్టేషన్‌కు మార్కులు వేసేదెవరు?

(కర్నూలులో దళిత కార్యకర్తల తరగతిలో ఒక ఉపాధ్యాయుడు ఇచ్చిన ఉపన్యాస పాఠం)



నేను బడిపంతుల్ని. పేపర్లు దిద్దడం నా పని. పరీక్షకు కొన్ని నియమాలున్నాయి. రాసినోడు తన పేపరు తానే దిద్దుకోకూడదు. దిద్దేవానికి రాసినోనితో చుట్టరికం ఉండకూడదు. ప్రశ్నలు అందరికీ ముందే తెలిసిన సిలబస్‌లోంచి రావాల. ఫలితం గోడకు అంటించాల. పదో తరగతి పిల్లోనికి ఉన్న ఈ నియమాలు, మనిషిని పట్టుకుపోయి లోపలేసే అధికారమున్న పోలీస్ స్టేషన్‌కు ఎందుకు లేవు? ఈపొద్దు మనం మాట్లాడుకోవాల్సింది ఇదే.

‘ఎందుకు లేవు సార్, ఐఎస్ఓ సర్టిఫికెట్లు ఇస్తున్నారు గదా’ అని మీలో కొందరు అడుగుతారు. నిజమే. దేశంలో చాలా స్టేషన్లకు ఐఎస్ఓ 9001 వచ్చింది. మన తెలుగు రాష్ట్రాల్లోనూ వచ్చింది. ఆ సర్టిఫికెట్ ఏం చూస్తుంది? పని పద్ధతి రాసి పెట్టుకున్నారా, రికార్డులు వరసగా ఉన్నాయా, వచ్చినోళ్లు కూర్చునే వసతి ఉందా అని చూస్తుంది. అవి ఉండాల్సిందే, వద్దనం. కానీ మాదిగ గేరి నుంచి వచ్చిన మనిషిని ఆ కుర్చీలో కూర్చోనిచ్చినారా, బయట యాపచెట్టు కింద నిలబెట్టినారా? ఈ ప్రశ్న ఆ కాగితంలో యాడుంది?

కేంద్ర హోంశాఖ కూడా మంచి స్టేషన్లకు ర్యాంకులు ఇస్తూ వచ్చింది. బలహీనవర్గాలపై జరిగిన నేరాలను ఎట్ల పరిష్కరించినారో కూడా అందులో చూస్తారు. మంచిదే. అయితే కేసు లెక్కలోకి రావాలంటే ముందు నమోదు కావాల గదా! నమోదే కాని కేసు ఏ లెక్కలోనూ ఉండదు. ఫిర్యాదును వాకిట్లోనే తిప్పి పంపే స్టేషన్ కాగితం మీద శుభ్రంగా కనపడుతుంది. పడ్డ కేసులన్నీ రాసుకున్న స్టేషన్ నేరాల పుట్టలాగ కనపడుతుంది. మన పీడ ఈ లెక్కలోనే దాగి ఉంది.

ఫిర్యాదు వాకిట్లోంచి ఎట్ల తిరిగిపోతుందో మీకు నేను చెప్పాల్సిన పనిలేదు. మనోడు పొద్దున పోతాడు. రైటర్ ‘ఎస్సై సారు బందోబస్తుకు పోయినాడు, మాపటికి రా’ అంటాడు. మాపటికి పోతే ఊరి పెద్దమనిషి అప్పటికే లోపల కుర్చీలో కూర్చుని ఉంటాడు. ‘ఒకే ఊర్లో బతకాల్సినోళ్లు, రాజీ పడండి’ అంటారు. పడకపోతే మనమీదే కౌంటర్ కేసు. రాయలసీమ అంటే ఫ్యాక్షన్ అని సినిమాలోళ్లు చెబుతారు. ఫ్యాక్షన్ సీమలో స్టేషన్ ఎవరి మాట వింటే ఊరు వాని చేతిలో ఉన్నట్టని వాళ్లు చెప్పరు. రొండు పార్టీల మధ్య ఏ పార్టీ కాని మాల, మాదిగ కూలోడు యాడికి పోవాల?

సిలబస్ లేదా అంటే, బ్రహ్మాండంగా ఉంది. 1989 అట్రాసిటీ చట్టం ఉంది. 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో దాని 4వ సెక్షన్ ఎస్సై చేయాల్సిన పనిని పాఠంలాగ విడగొట్టి చెప్పింది. నోటితో చెప్పిన ఫిర్యాదును రాసుకుని, చదివి వినిపించి, ఆ తర్వాతే సంతకం తీసుకోవాల. ఎఫ్ఐఆర్ నమోదు చేయాల. దాని కాపీ వెంటనే ఇవ్వాల. సాక్షుల వాంగ్మూలం రాయాల. 60 రోజుల్లో దర్యాప్తు ముగించి ఛార్జిషీటు వేయాల. 1995 రూల్స్‌లోని 7వ రూలు ప్రకారం దర్యాప్తు చేసేవాడు డీఎస్పీకి తక్కువ కాకూడదు. కావాలని ఈ పనులు చేయని ఎస్సీ ఎస్టీ కాని ఉద్యోగికి ఆరునెలల నుంచి ఏడాది దాకా జైలు. కాగ్నిజబుల్ నేరం జరిగినట్టు తెలిస్తే ఎఫ్ఐఆర్ కట్టక తప్పదని 2013లో లలితకుమారి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. స్టేషన్లలో సీసీ కెమెరాలు పెట్టమని 2020 డిసెంబరులో చెప్పింది.

మరి 4వ సెక్షన్ కింద ఎంతమంది ఎస్సైలు జైలుకు పోవడం మీరు చూసినారు? ఆ సెక్షన్‌లోనే ఒక తాళం ఉంది. శాఖాపరమైన విచారణ సిఫారసు చేస్తేనే ఉద్యోగి మీద కేసు. అంటే రాసినోని పేపరు వాని ఇంట్లోనే దిద్దుతున్నారన్నమాట!

దీని ఖరీదు మనం ప్రాణాలతో కట్టినాం. 1985 జులై 17న కారంచేడు, ఆరుగురు. 1991 ఆగస్టు 6న చుండూరు, ఎనిమిది మంది. చుండూరులో పోలీసులు ఊర్లో ఉండగానే జరిగింది. 1998 జులైలో మన నల్లమల అంచున వెంపెంట. చుండూరు కేసులో తీర్పు రావడానికి 2007 దాకా పట్టింది. ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. మొదటి రోజు స్టేషన్‌లో రాసే కాగితమే ఇరవై ఏండ్ల తర్వాత కోర్టులో నిలబడుతుంది, లేకపోతే కూలిపోతుంది. అందుకే స్టేషన్ ప్రమాణం అనేది మనకు చావుబతుకుల సంగతి.

దిద్దేవాడు బయటోడై ఉండాలన్నది కొత్త మాట కాదు. 1861 నాటి దొరల పోలీసు చట్టాన్ని మార్చాలని 1977లో వేసిన జాతీయ పోలీసు కమిషన్ చెప్పింది. ఆ రిపోర్టులు దుమ్ముపడితే, ప్రకాష్ సింగ్ అనే రిటైర్డ్ పోలీసు అధికారి 1996లో సుప్రీంకోర్టుకు పోయినాడు. పదేండ్ల తర్వాత 2006 సెప్టెంబరు 22న కోర్టు ఏడు ఆదేశాలిచ్చింది. స్టేషన్ అధికారికి కనీసం రెండేండ్ల పదవీకాలం ఉండాలన్నది ఒకటి. పెద్దమనిషి ఫోను కొడితే ఎస్సై బదిలీ కాకూడదని దాని అర్థం. దర్యాప్తునూ శాంతిభద్రతలనూ వేరు చేయాలన్నది ఇంకొకటి. జిల్లాకొక పోలీసు ఫిర్యాదుల అథారిటీ, దానికి రిటైర్డ్ జిల్లా జడ్జి అధ్యక్షుడుగా ఉండాలన్నది మనకు అన్నిటికన్నా ముఖ్యం. డీఎస్పీ వరకూ ఎవరిమీదైనా అక్కడ చెప్పుకోవచ్చు. మన రాష్ట్రంలో ఏండ్ల తరబడి అది కదల్లేదు. 2021లో రాష్ట్ర అథారిటీకి ఛైర్మన్‌ను వేస్తే ఆ నియామకమే కోర్టు వివాదంలో పడింది.

అమెరికా సంగతి కూడా వినండి. అక్కడ 1979లో పోలీసు సంస్థలకు గుర్తింపునిచ్చే కమిషన్ పెట్టినారు. పెట్టిన నాలుగు సంఘాల్లో ఒకటి నల్లజాతి పోలీసు అధికారుల సంఘం. ముందు ప్రమాణాలు రాస్తారు. స్టేషన్ తన రుజువులు చూపాల. బయటి ఊరి పరీక్షకులు వచ్చి చూస్తారు, జనం మాట వింటారు. గుర్తింపుకు గడువుంది, తీరితే మళ్లీ పరీక్ష. అయితే చేరడం చేరకపోవడం వాళ్లిష్టం. 2020 మే 25న జార్జ్ ఫ్లాయిడ్ మెడమీద మోకాలు పెట్టి చంపినాక జనం వీధుల్లోకి వస్తే, జూన్‌లో అక్కడి అధ్యక్షుడు పోలీసు నిధుల్లో కొన్నిటిని ఈ గుర్తింపుకు ముడిపెడుతూ ఉత్తర్వు ఇచ్చినాడు. సర్టిఫికెట్ మోకాలిని ఆపదు. సర్టిఫికెట్ వెనక జనముంటేనే దానికి పండ్లు మొలుస్తాయి. ఇది మనం నేర్చుకోవాల్సిన పాఠం.

మన దగ్గర చూసేవాళ్లు లేరా? ఉన్నారు, ఒకరికొకరు సంబంధం లేకుండా. కలెక్టరు అధ్యక్షుడుగా జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ ఉంది. 17వ రూలు ప్రకారం అది మూణ్ణెల్లకొకసారైనా కూర్చోవాల. అందులో ఎస్సీ ఎస్టీ అనధికార సభ్యులుండాల. ఎస్సీ కమిషన్ ఉంది. మానవ హక్కుల కమిషన్ ఆఫీసును 2021లో మన కర్నూలులోనే తెరిచినారు. కానీ అది సిఫారసే చేయగలదు. ఒకరి దగ్గరున్న కాగితం ఇంకొకరికి తెలియదు. ఒకే స్టేషన్ మీద నలుగురికి నలభై ఫిర్యాదులు పోయినా ఆ స్టేషన్‌కు సున్నా మార్కులని ఎవరూ రాయరు. కాబట్టి కలపాల్సిన పని మనమీద పడింది.

నా ప్రతిపాదన ఇది. ప్రతి మండలంలో ఇద్దరు కార్యకర్తలు, అందులో ఒకరు ఆడమనిషి, ఒక నోటుబుక్కు. స్టేషన్‌కు పోయిన ప్రతి మనోని వెంట పోండి. ఆరు ప్రశ్నలు రాయండి. కూర్చోమన్నారా? రాసుకున్నది చదివి వినిపించినారా? ఎఫ్ఐఆర్ కాపీ ఎన్నో రోజు ఇచ్చినారు? దర్యాప్తు డీఎస్పీ చేసినాడా? 60 రోజుల్లో ఛార్జిషీటు పడిందా? కౌంటర్ కేసు పెట్టినారా? తేదీలు తప్పకుండా రాయండి. తిట్లు రాయొద్దు, తేదీ చాలు. తేదీకి ఎదురు చెప్పడం ఎవరికైనా కష్టం.

మూణ్ణెల్లకొకసారి ఆ బుక్కులన్నీ కలిపి స్టేషన్‌వారీగా మార్కులు వేద్దాం. బాగా చేసిన ఎస్సైకి మంచి మార్కులే వేద్దాం. అట్లాంటోళ్లు ఉన్నారు, వాళ్లను ఒంటరిగా వదలొద్దు. ఆ పట్టికను కలెక్టరు కమిటీ ముందు పెట్టి మినిట్స్‌లో ఎక్కించమందాం. కమిటీ కూర్చోకపోతే ఎప్పుడు కూర్చున్నారో చెప్పమని సమాచార హక్కు చట్టం కింద అడుగుదాం. జిల్లా ఫిర్యాదుల అథారిటీ పెట్టి, అందులో మనోళ్లను కూర్చోబెట్టేదాకా అడుగుతూనే ఉందాం.

వందల ఏండ్లుగా ఈ ఊర్లు మనకు మార్కులేసినాయి. అంటరానోడని, దొంగజాతని పేర్లు పెట్టినాయి. ఇప్పుడు దిద్దే ఎర్రకలం మన చేతిలోకి రావాల. చదువుకున్న పిల్లలు ముందుకు రండి. రేపే నోటుబుక్కు కొనండి.

జై భీమ్!