సంత మూసిన రోజులు



ఏటా ఆగస్టు 9 అంటే డప్పులు, థింసా, ఊరేగింపు. ఈ 2020లో మాత్రం ఫోన్‌లోనే కలుస్తున్నాం. సిగ్నల్ లేక ఈ మాటలు వినలేనివాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. మీరు విని, చదివి, మీ ఊళ్ళో చెప్పండి.

మార్చి 25 నుంచి లాక్‌డౌన్. ఇంట్లోనే ఉండమన్నారు. మనకు ఇల్లంటే నాలుగు గోడలు కాదు కదా! ఊట నీళ్ళు, పోడు, అడవి, అన్నీ కలిస్తేనే ఇల్లు. చింతపండు గింజ తీసి అమ్ముకునే కాలం అది. ఇప్పపువ్వు రాలే కాలం. సరుకు చేతికొచ్చింది, సంత మూతపడింది. సంత లేకపోతే ఉప్పు లేదు, నూనె లేదు, సబ్బు లేదు. గుమ్మంలోకి వచ్చిన సావుకారు చెప్పిందే ధర. రేషన్ బియ్యం ఇచ్చారు, నిజమే. వాటితో పాటు మనల్ని నిలబెట్టింది దాచుకున్న రాగులు, సామలు, కందులు, అడవి దుంపలు. పోడు దండగ అనేవాళ్ళకి ఈ లెక్క చెప్పండి.

చాలా ఊళ్ళు తమంతట తామే దారికి అడ్డంగా కర్రలు కట్టుకున్నాయి. బయటివాళ్ళు నవ్వారు. రోగిని డోలీలో మోసినవాళ్ళకే తెలుసు, ఆస్పత్రి ఎంత దూరమో.

ఏప్రిల్‌లో ఏం జరిగిందో మరవకండి. తెలంగాణ మిరప తోటల్లో కూలికొచ్చిన 12 ఏళ్ళ ఆదివాసీ పాప, బీజాపూర్ జిల్లాలోని తన ఊరికి అడవి దారిన నడిచి నడిచి, ఇల్లు దగ్గరపడిందనగా చనిపోయింది. పరీక్ష చేస్తే కరోనా లేదు. బడిలో ఉండాల్సిన పిల్ల తోటలో ఎందుకుంది? అది అడగాలి మనం.

అదే నెల 22న, మనం గుమ్మం దాటలేని రోజుల్లో, సుప్రీంకోర్టు జీవో నంబర్ 3ని కొట్టేసింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక ఆదివాసీలకే అని 2000లో వచ్చిన జీవో అది. వేరే రోజుల్లో అయితే రోడ్లన్నీ నిండిపోయేవి. ఇది ఒట్టి ఉద్యోగాల గొడవ అనుకోకండి. బళ్ళు మూసేశారు, పాఠాలు టీవీలో, ఫోన్‌లో అంటున్నారు. సిగ్నల్ లేని ఊరికి ఆన్‌లైన్ క్లాసు రాదు. కువి, కోయ మాట్లాడే మన ఊరి టీచరైతే చెట్టు కిందైనా నలుగురు పిల్లల్ని కూర్చోబెట్టి చెప్పగలరు.

అందుకే ఒక పని అడుగుతున్నా. దూరం దూరంగానే కూర్చోండి, కానీ కూర్చోండి. ఏ సరుకు ఎంతకి అమ్ముడుపోయింది, వలస నుంచి ఎవరు తిరిగొచ్చారు, ఏ పిల్లలు బడికి దూరమయ్యారు, అన్నీ రాయండి. జీవో 3 రక్షణ మళ్ళీ కావాలని రాయండి. పీసా చట్టం మన గ్రామసభకు బలమిచ్చింది. తీర్మానం చేసి ఐటీడీఏకి ఒక కాపీ ఇవ్వండి, ఊళ్ళో ఒకటి ఉంచండి. మన కష్టం మనం రాయకపోతే, అసలు కష్టమే లేదని వాళ్ళు రాసుకుంటారు.

జోహార్!