మొరాయించిన క్రొత్త తుపాకి
(పట్టణ పఠనమందిరమున నొక న్యాయవాది చేసిన యుపన్యాసము)



క్రొత్తగా కొన్న తుపాకి సమయమునకు పనిచేయక మొరాయించినచో తప్పెవరిది? అమ్మినవానిదా, కొన్నవానిదా, చేతబట్టినవానిదా? ఈ ప్రశ్నకు నేడు కెనడా దేశపు రాసు తుపాకి కథను ఆధారముగా గొనుచున్నాను. దాని నెన్నుకొనుటకు కారణము గలదు. అది ఆ దేశమువారికి స్వదేశీ తుపాకి. మనకు వలసిన యాయుధమును మనమే చేసికొనవలెనను పట్టుదలనుండి పుట్టినది. అట్టి వస్తువున లోపము కనబడినపుడు దానిని బయటపెట్టుట దేశద్రోహమా యని యడుగువారు అక్కడనే కాదు, మనలోను గలరు.

1899 మొదలు 1902 వఱకు దక్షిణాఫ్రికాలో బోయరు యుద్ధము జరిగెను. కెనడా తన సైనికులను బంపెను గాని, తనకు వలసిన లీ ఎన్‌ఫీల్డు తుపాకులను బ్రిటనునుండి పొందజాలకపోయెను. బ్రిటిషు తయారీదారులు కెనడాలో కర్మాగారము పెట్టుటకును సమ్మతింపలేదు. పరుల దయపై నాధారపడిన సేన యెన్నాళ్లు నిలుచునని కెనడా మంత్రులు తలపోసిరి. ఆ తలంపు తప్పని నేననను. అంతట సర్ చార్లెస్ రాసు అను స్కాట్లండు జమీందారుడు తాను కల్పించిన తుపాకిని క్విబెక్కు పట్టణమున చేయించి యిచ్చెదనని ముందుకు వచ్చెను. 1903లో ఒడంబడిక జరిగెను. 1759లో ఆంగ్లేయులు ఫ్రెంచివారి నోడించిన అబ్రహాము మైదానముననే కర్మాగారము లేచెను.

తొలి తుపాకులలో వేయింటిని వాయవ్య ప్రాంతపు ఆశ్వికరక్షకదళమున కిచ్చిరి. వాడుకకు ముందు జరుగు మామూలు తనిఖీలోనే, త్రోసివేయదగిన లోపములు 113 బయటపడెను. స్ప్రింగులు రాగివలె మెత్తగా నుండెను. బోల్టు, అనగా గొట్టపు వెనుకద్వారమును మూయు గడియ, ఊడి క్రిందపడుచుండెను. గురి సాధన చేయుచు ఒక యుద్యోగి కన్ను పోగొట్టుకొనెను. 1906లో ఆ దళమువారు తమ పాత తుపాకులనే మరల చేబట్టిరి. మంచి కొనుగోలుదారుడైనచో నచ్చటనే లెక్క సరిచూచుకొనియుండును. ప్రభుత్వము మాత్రము నమూనా వెంట నమూనా మార్పించుచు కొనుచునే పోయెను. 1911లో సైనికశాఖ మంత్రియైన సర్ శామ్ హ్యూసు ఈ తుపాకికి పరమభక్తుడు. ఇంగ్లండులోని బిస్లీ గురిపోటీలలో రాసు తుపాకి బహుమతులు గెలిచినపుడు ఆయన యానందమునకు మేర లేదు. పోటీమైదానమున బురద యుండదు. తూటాలు ఏర్చి కూర్చినవి. కాల్చువాడు నింపాదిగా కాల్చును. ఆ సంగతి మంత్రిగారి లెక్కలోనికి రాలేదు.

1915 ఏప్రిలు 22న బెల్జియములోని ఈప్రు పట్టణము చెంత జర్మనులు విషవాయువును వదలిరి. కెనడా దళములు అచ్చట నిలిచి పోరెను. (మన లాహోరు దళమును ఆ నెల 26వ తేదీన ఆ రణరంగమునకే వచ్చి చేరినది, వారి చేతులలో నుండినవి లీ ఎన్‌ఫీల్డులు.) శత్రువు మీదికి వచ్చుచుండగా వడివడిగా కాల్చవలసిన ఘడియలలో రాసు తుపాకి బిగిసిపోయెను. సైనికులు బోల్టును బూటుకాలితో తన్నిరి. కందకములు త్రవ్వు పనిముట్ల కఱ్ఱలతో మోదిరి. ఆ పోరాటమున ప్రాణములతో మిగిలిన సుమారు 5,000 మందిలో 1,452 మంది రాసును పారవైచి, పడిపోయిన బ్రిటిషు సైనికుల తుపాకులను చేబట్టిరని లెక్క తేలినది. లీ ఎన్‌ఫీల్డును చేబట్టరాదను ఆజ్ఞలున్నను వారు లెక్కచేయలేదు.

బిగియుటకు కారణమేమి? లీ ఎన్‌ఫీల్డు బోల్టును మొదట పైకి త్రిప్పి, పిదప వెనుకకు లాగవలెను. ఆ త్రిప్పుటలోనే గొట్టపు గదిని కఱచుకొనియున్న ఇత్తడి డొల్ల కొంత వదులగును. బిగిసిన సీసామూతను త్రిప్పి తీయుటకును ఊరక లాగుటకును గల భేదము మీరెఱుగుదురు. రాసు బోల్టును చేతితో త్రిప్పుట లేదు. తిన్నగా లాగిన చాలును, లోపలి మరయే బోల్టు తలను త్రిప్పును. వేగమునకు మంచిదే గాని పట్టు తక్కువ. గుఱి చక్కగా నుండవలెనని గొట్టపు గదిని ఇఱుకుగా తొలిచిరి. యుద్ధపు తొందరలో బ్రిటనులో తయారైన తూటాలు కొలతకు మించి కొంచెము లావుగా నుండెను. లీ ఎన్‌ఫీల్డు గది విశాలమైనందున వానిని భరించెను. ఇది భరింపలేదు. దీనికి తోడు మఱియొక దోషము గలదు. బోల్టును గట్టిగా వెనుకకు లాగునపుడెల్ల దాని తలపైనున్న మరచుట్టు అంచు ఒక చిన్న ఇనుపముక్కకు తగిలి ఆగవలెను. మాటిమాటికి ఆ దెబ్బ తగిలి యంచు నలిగెను. నలిగిన యంచు మరల లోపల నమరదు. ఇఱుకు గది, లావు తూటా, నలిగిన యంచు, పైని ఫ్లాండర్సు బురద: ఈ నాలుగును కలిసిన తావున సైనికుడు నిలువబడియుండెను. బోల్టును విప్పి తుడిచిన పిదప తప్పుగా కూర్చుటకును వీలుండెను. అట్లు కూర్చినది గడియపడకయే ప్రేలి, కాల్చువాని ముఖముపైకి ఎగురును.

ఇక మంత్రిగారి జవాబు వినుడు. తుపాకి మంచిదే, తూటాలు చెడ్డవి, సైనికులకు వాడుట తెలియదు. తూటాల మాటలో కొంత నిజమున్నది. అయినను యుద్ధమున దొరకు తూటాతో పనిచేయని తుపాకి యుద్ధమునకు తగినదెట్లగును? కెనడా దళనాయకుడైన జనరలు ఆల్డర్సన్ లోపములను ప్రభుత్వమునకు వ్రాసెను. 1916 మే నెలలో ఆయన తన నాయకత్వమును కోల్పోయెను. హ్యూసుతోడి వైరమునకు ఈ తుపాకి తగవు ముఖ్యకారణములలో నొకటి. ఒకటవ దళమునకు 1915 జూనులోనే లీ ఎన్‌ఫీల్డులు వచ్చెను. మిగిలిన వారికి 1916లో గాని రాలేదు. ఆ నడుమ గది వెడల్పు చేయుట, ఆపు ముక్కను పెద్దది చేయుట అను మరమ్మతులు జరిగెను; అవి కొంత పనిచేసెను. చేయదగిన మరమ్మతే, ముందు పదియేండ్లలో చేయలేదు. హ్యూసు 1916 నవంబరులో రాజీనామా యిచ్చెను. 1917లో కర్మాగారమును ప్రభుత్వము స్వాధీనపఱచుకొని, 1920లో రాసుగారికి 20 లక్షల డాలర్లు పరిహారమిచ్చెను.

న్యాయము కొఱకు ఈ మాటయు చెప్పవలెను. దూరమునుండి నింపాదిగా ఒక్కొక్క గుండు వేయు గుఱికాండ్రు ఈ తుపాకిని విడువలేదు. ఓజిబ్వే జాతివాడైన ఫ్రాన్సిసు పెగామగాబో అను ప్రసిద్ధుడైన గుఱికాడు దీనితోనే పేరుగాంచెను.

మన దేశపు 1930వ సంవత్సరపు వస్తువిక్రయ చట్టము 16వ సెక్షను ఏమనుచున్నది? ఏ పని నిమిత్తము కొనుచున్నాడో చెప్పి, అమ్మువాని నైపుణ్యమును నమ్మి కొన్నవానికి, ఆ పనికి తగిన వస్తువునే ఇయ్యవలెనను నిబంధన వ్రాయకున్నను ఉన్నట్లే. మంచి సూత్రము. అయితే సైనికుడు కొనుగోలుదారుడు కాడు. కొన్నది ప్రభుత్వము. కొన్నవాడే అమ్మినవాని తరఫున వకాల్తా పుచ్చుకొనినచో, మోసపోయినవాడు ఏ కోర్టుకు పోవలెను? ఈ చిక్కు కెనడాతో తీరలేదు. వియత్నాము యుద్ధమున అమెరికా సైనికులకు క్రొత్తగా ఇచ్చిన ఎం 16 తుపాకి 1966, 1967 సంవత్సరములలో డొల్లను వెడలగ్రక్కక మొరాయించెను. తూటాలోని మందు రకమును మార్చిరి. గదికి క్రోమియము పూత లేదు. శుద్ధిచేయు పరికరములు చాలినన్ని ఇయ్యలేదు. శుద్ధి అంతగా అక్కఱలేదను మాట మాత్రము వ్యాపించెను. పైవారు ముందుగా అనిన మాట, సైనికులు తుడుచుకొనుటలేదని! వారి జాబులు ఇండ్లకును, ఇండ్లనుండి చట్టసభకును చేరెను. ఇకార్డు అను సభ్యుని యధ్యక్షతను ఉపసంఘము విచారించి, 1967 అక్టోబరులో, అధికారుల యశ్రద్ధ దాదాపు నేరమనదగినదని వ్రాసెను.

మన యింటి మాటయు చెప్పుకొనవలెను. మన ఇన్సాసు తుపాకి 1999లో కార్గిలు యుద్ధమున వాడబడినపుడు, చలికి ప్లాస్టికు తూటాపెట్టెలు చిట్లుచున్నవని, తుపాకి బిగియుచున్నదని సైనికులు మొఱపెట్టిరి. దానిని మననుండి నేపాళము కొనెను. 2005 ఆగస్టులో కాలికోటు జిల్లాలో తిరుగుబాటుదార్లతో జరిగిన పోరున పలువురు నేపాళ సైనికులు మడిసిరి. దీర్ఘమైన పోరులో ఆ తుపాకులు సరిగా పనిచేయలేదని వారి సైన్యము చెప్పెను. వాడుటలో లోపముండవచ్చునని మనవారు బదులు చెప్పిరి. ఇచ్చట మనము కొన్న పక్షము కాము, అమ్మిన పక్షము. ఆ బదులు నిజమై యుండవచ్చును. హ్యూసు మాటలోను కొంత నిజముండెననియే చెప్పితిని గదా. కాని ఆ మాట తుపాకిని విప్పి చూచిన పిదప రావలసినది. స్వదేశీ వస్తువుపై అభిమానము గలవాడే దాని లోపమును ముందు వెదకవలెనని నా యభిప్రాయము. పరుల సరకైనచో మానివేయుదుము. మన సరకును మానలేము.

ఈ సభలో లైసెన్సు తుపాకులు గలవారు కొందఱున్నారు. మీకును పనికివచ్చు మాట యొకటి చెప్పెదను. మీట నొక్కినను తూటా ప్రేలనిచో వెంటనే తెఱచి చూడకుడు. గొట్టమును జనులు లేని దిక్కునకే పట్టి అరనిమిషమైన నాగుడు. మందు ఆలస్యముగా నంటుకొనవచ్చును. డొల్ల బిగిసినచో సుత్తి తీయవలదు. వేఱు పెట్టెలోని తూటాలు బిగియుచున్నవా లేదా యన్నది లోపము తుపాకిదో తూటాదో తేల్చుటకు మొదటి యాధారము. తూటాపెట్టెపైని తయారీ సంఖ్యను, రసీదును, బిగిసిన డొల్లను భద్రపఱచుడు. ఊరి కమ్మరిచే గదిని ఆకురాయితో రాయింపకుడు. లైసెన్సులేనివాడు తుపాకి బాగుచేయుట 1959వ సంవత్సరపు ఆయుధ చట్టము ననుసరించి నేరము. పైగా ఆ రాపిడితో మీ సాక్ష్యము పోవును. అమ్మినవానికి వ్రాతమూలకముగా తెలిపి, ఆ జాబు నకలును మీయొద్ద నుంచుకొనుడు.