లెక్క, మాట, మెదడు

ఒక లెక్కల మాస్టారి స్మృతిలో ఏర్పాటైన ఈ సభలో ఒకే ప్రశ్న తీసుకుంటాను. లెక్క చేసేటప్పుడు మనం మాటల్లోనే ఆలోచిస్తామా? ఎక్కాలు వల్లెవేసి పెరిగిన వాళ్లకు అవుననే అనిపిస్తుంది. ఏడెనిమిదులు ఎంత అని అడగగానే మనసు కంటే ముందు నోరు యాభై ఆరు అంటుంది. అయినా గణితచింతనకు మెదడులో భాషకు వేరుగా సొంత చోటు ఉందని, పిల్లలు మాత్రం అక్కడికి భాష దారినే చేరాలని నా వాదన.

2016లో మారీ అమాల్రిక్, స్టానిస్లాస్ దెహాన్ అనే పరిశోధకులు ఫ్రాన్సులో 15 మంది వృత్తి గణితజ్ఞులనూ, చదువులో వారికి సమానులైనా గణితం వైపు వెళ్లని మరో 15 మందినీ ఎఫ్.ఎం.ఆర్.ఐ. యంత్రంలో పడుకోబెట్టి పరీక్షించారు. బీజగణితం, విశ్లేషణ, జ్యామితి, టోపాలజీలకు చెందిన వాక్యాలు వినిపించి, అవి నిజమా, అబద్ధమా, అర్థం లేనివా తేల్చమన్నారు. ఆలోచిస్తున్నంతసేపూ గణితజ్ఞుల మెదడులో రెండు పక్కలా ప్యారైటల్ లోబ్‌లోని మడతలు, కణతల అడుగుభాగం, నుదుటి వెనుక ప్రాంతం చురుగ్గా పనిచేశాయి. సాధారణ విజ్ఞానానికి చెందిన వాక్యాలకు స్పందించిన భాషాప్రాంతాలు గణితానికి దాదాపు స్పందించలేదు. అన్నిటికంటే నన్ను ఆకట్టుకున్నది మరొకటి: టోపాలజీకి మేలుకున్న ఆ చోట్లే మామూలు అంకెలు చూసినా మేలుకుంటాయి. అంటే ఒకటో తరగతి పిల్ల అంకెలు దిద్దే చోటి మీదే ఉన్నత గణితమూ నిలిచి ఉంది. 2018లో ముగ్గురు అంధ గణితజ్ఞులను పరీక్షిస్తే వారిలోనూ అవే ప్రాంతాలు కనిపించాయి. కాబట్టి ఇదంతా కంటిచూపు మీద ఆధారపడిందనీ అనలేం.

ఈ యంత్రం చూపేది రక్తప్రసరణలో మార్పులనే కదా, ఆలోచనను కాదు కదా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఒక చోటికి రక్తం ఎక్కువ చేరినంత మాత్రాన ఆ పనికి ఆ చోటు తప్పనిసరి అని రుజువు కాదు. దానికి మెదడు దెబ్బతిన్న వారిని చూడాలి. 2005లో రోజ్‌మేరీ వార్లీ బృందం తీవ్రమైన భాషాలోపం వచ్చిన ముగ్గురిని పరీక్షించింది. ఎవరు ఎవరిని కొట్టారన్నది వాక్యంలోని పదాల వరుసను బట్టి వారు గ్రహించలేరు. కానీ 59లోంచి 13, 13లోంచి 59 తీసివేయడంలో తేడా వారికి స్పష్టంగా తెలుసు. బ్రాకెట్లున్న లెక్కలు కూడా చేశారు. వ్యాకరణం పోయినా లెక్క పోలేదు.

అయితే ఆ ముగ్గురూ పెద్దవాళ్లు. మాట పడిపోకముందే గణితం నేర్చుకున్నవాళ్లు. భాష లేకుండా లెక్క చేయవచ్చని వారు చూపారు గాని, నేర్చుకోవచ్చని చూపలేదు. ఇక్కడే బోధనాభాష ప్రశ్న వస్తుంది. గణితానికి వేరే చోటుంటే ఏ మాధ్యమమైతేనేం అనే వారికి దెహాన్, ఎలిజబెత్ స్పెల్కీ 1999లో ప్రచురించిన పరిశోధన సమాధానం. రష్యన్, ఇంగ్లీషు రెండూ వచ్చినవారికి ఒక భాషలో కచ్చితమైన కూడికలు నేర్పి, రెండో భాషలో అడిగితే జవాబు ఆలస్యమైంది. ఉజ్జాయింపు లెక్కలకు ఆ ఆలస్యం లేదు. కంఠస్థమైన లెక్క నేర్చుకున్న భాషనే అంటిపెట్టుకుని ఉంటుందన్నమాట. అలాగైతే రేపు ఇంగ్లీషులో చదవాల్సిన పిల్లలకు మొదటినుంచీ ఇంగ్లీషులోనే నేర్పమంటారేమో. కానీ ఆ ప్రయోగంలో కనిపించిన నష్టం ఆలస్యమే, అశక్తత కాదు. పైగా రాసే అంకెలు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఒకటే. మాటే అర్థం కాని పిల్లకు కలిగే నష్టం దీనికంటే చాలా పెద్దది. ఆమెకు లెక్క మొదలే కాదు. సాధ్యమైన చోట కనీసం ఐదో తరగతి వరకు ఇంటిభాషలో బోధించాలని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. మిగతా పాఠాల సంగతి ఎలా తేలినా, ఎక్కాలూ కూడికలూ మాత్రం పిల్లలకు ఇంట్లో వినపడే భాషలోనే నేర్పండని ఉపాధ్యాయులను వేడుకుంటున్నాను.